వచనానికి వచనం బదులిస్తే వాదన తెగదు: ఆదివారపు పఠనాలతో నైతిక బోధ చెప్పడం ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) సిద్ధమవుతున్న పిల్లలకు మీరు పాఠం చెబుతున్నారు. వారిలో ఒక అబ్బాయి లేచి ఇలా అడిగాడు: "రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కట్టవద్దని లేవీయకాండము 19:19లో ఉంది. దాన్ని మనం పట్టించుకోము. విడాకులు, గర్భస్రావం, గర్భనిరోధం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేవుని వాక్యం అంటాము. కావలసినవి ఏరుకుంటున్నట్టే కదా?" మీరు ఒక వచనం చెప్పారు, అతను ఇంకొకటి చెప్పాడు, గంట గడిచిపోయింది. ఇప్పుడు ఒక్కో బోధకు ఒక్కో వచనం రాసిన పట్టిక ఇమ్మని నన్ను అడుగుతున్నారు.

అమ్మా, ఆ పట్టిక నేను ఇవ్వను. ఇరవై ఏడేళ్లుగా ఉపదేశిగా ఉన్నాను. మొదటి పదేళ్లు అలాంటి పట్టికే నా చేతిలో ఉండేది. దానితో వాదనలు గెలిచాను. దానివల్ల ఒక్కరి మనసైనా మారిందని మాత్రం చెప్పలేను.

పట్టిక ఎందుకు చాలదో శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, మనకు ప్రతి మూడేళ్లకొకసారి దివ్యబలిపూజలోనే (మాస్‌లోనే) చూపిస్తుంది. ఆదివారపు పఠనాల మూడేళ్ల చక్రంలో మూడవదైన 'సి' సంవత్సరంలో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలపు మొదటి ఆదివారం గుర్తుచేసుకోండి. సువిశేషం లూకా 4:1-13, ఎడారిలో శోధన. దేవాలయ శిఖరం మీద సైతాను యేసుతో, దూతలు నిన్ను చేతులతో ఎత్తి పట్టుకుంటారని రాసి ఉందిగా, దూకు అంటాడు. ఆ మాట 91వ కీర్తనలోది. ఆ రోజు మొదటి పఠనం తరువాత మనమంతా కలిసి పాడేదీ ఆ 91వ కీర్తనే! కీర్తన అంతా వింటే, ఆపదలో దేవుణ్ణి ఆశ్రయించిన భక్తుని మొర వినబడుతుంది. అందులోంచి రెండు వచనాలు తుంచితే దేవుణ్ణి పరీక్షించడానికి పనికొచ్చే పనిముట్టు అయింది. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుంచే జవాబిచ్చాడు. ఎడారిలో నలభై ఏళ్లు నడిచిన ప్రజల కథ అంతా ఆ జవాబుల వెనుక ఉంది. ఆ రోజు మొదటి పఠనం కూడా ద్వితీయోపదేశకాండము నుంచే (26:4-10): దేవుడు మమ్మల్ని ఐగుప్తు నుంచి బయటికి తెచ్చాడు, అందుకే ఈ తొలి పంట ఆయన ముందు పెడుతున్నాను అని రైతు పలికే మాటలు. దేవుడు చేసిన మేలు ముందు, మనిషి స్పందన తరువాత. పది ఆజ్ఞలదీ ఇదే వరుస. నిర్గమకాండము 20వ అధ్యాయం 'చంపరాదు' అనే మాటతో మొదలు కాదు, 'నిన్ను దాస్యగృహం నుంచి విడిపించిన దేవుణ్ణి నేను' అనే మాటతో మొదలవుతుంది. నైతిక బోధను ఈ వరుస తప్పించి చెబితే అది నిషేధాల జాబితాగా మిగులుతుంది. జాబితాను చూసి, మరి ఫలానాది ఎందుకు లేదని అడగడం మీ అబ్బాయికే కాదు, ఎవరికైనా సహజమే.

కాబట్టి పట్టిక స్థానంలో పఠనగ్రంథాన్ని, అంటే పూజలో చదివే బైబిలు భాగాల పుస్తకాన్ని, పట్టుకోండి. బైబిలు నిధులను విశ్వాసులకు మరింత విరివిగా తెరవాలని రెండవ వాటికన్ మహాసభ 1963లో కోరింది. దాని ఫలంగా 1969లో కొత్త పఠనాల క్రమం వచ్చింది. ఆదివారాలకు మూడేళ్ల చక్రం: 'ఎ' సంవత్సరంలో మత్తయి, 'బి'లో మార్కు, 'సి'లో లూకా. సామాన్య కాలంలో, అంటే పెద్ద పండుగల కాలాలు కాని వారాలలో, మొదటి పఠనాన్ని ఆనాటి సువిశేషానికి జోడీగా ఎంచి పెట్టారు. రెండవ పఠనం అలా ఎంచినది కాదు, ఒక లేఖను వారం వారం వరుసగా చదువుతూ పోతారు. దాన్ని లాక్కొచ్చి సువిశేషానికి ముడివేయకండి, అతుకు పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. మొదటి పఠనం, సువిశేషం జంటను మాత్రం వదలవద్దు. ఆ జంటలోనే మీకు కావలసిన వాదన ఉంది.

ఒక జంటను నిదానంగా చూద్దాం. 'బి' సంవత్సరం, సామాన్య 27వ ఆదివారం. మొదటి పఠనం ఆదికాండము 2:18-24, సువిశేషం మార్కు 10:2-16. భర్త భార్యను విడనాడవచ్చునా అని పరిసయ్యులు అడుగుతారు. మోషే మీకు ఏమని ఆజ్ఞాపించాడు అని యేసు తిరిగి అడుగుతాడు. వారి జవాబులో క్రియ మారిపోతుంది: మోషే 'అనుమతించాడు' అంటారు. అక్కడ ఆగి, పిల్లల చేత ద్వితీయోపదేశకాండము 24:1-4 తీయించి చదివించండి. అందులో విడాకులు ఇవ్వమన్న ఆజ్ఞ లేదు. విడాకులు అప్పటికే జరుగుతున్నాయని తీసుకుని, అలా పంపేసిన భార్య మరొకరిని పెళ్లాడిన తరువాత మొదటి భర్త ఆమెను తిరిగి తెచ్చుకోరాదని మాత్రమే అది చెబుతుంది. ఆ అనుమతి మీ హృదయ కాఠిన్యాన్ని బట్టి వచ్చింది అంటాడు యేసు. వెంటనే వారిని ఇంకా వెనక్కి, సృష్టి ఆరంభానికి తీసుకుపోతాడు: దేవుడు వారిని స్త్రీ పురుషులుగా చేశాడు, ఇద్దరూ ఏకశరీరులవుతారు, దేవుడు జతపరచినదాన్ని మనిషి వేరుచేయరాదు.

ఇక్కడ మీ అబ్బాయి ప్రశ్నకు సగం జవాబు దొరికింది, గమనించారా? లేఖనంలోని మాటలన్నీ ఒకే బరువు కలవి కావని చెప్పినది ముందుగా శ్రీసభ కాదు, యేసే. మనిషి మొండితనానికి తగ్గట్టు ఇచ్చిన సర్దుబాటు ఏది, దేవుడు మొదట తలచినది ఏది అని ఆయనే తూచాడు. కతోలికులం చేయవలసింది ఆయన తూచినట్టు తూచడం. 'దేయి వెర్బుం' అనే మహాసభ పత్రం (1965) చెప్పే పద్ధతీ ఇదే: రచనా రీతిని చూడాలి, మొత్తం లేఖనపు ఐక్యతను చూడాలి, శ్రీసభ సజీవ సంప్రదాయాన్ని చూడాలి. శ్రీసభ బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదు, దానికి సేవ చేస్తుంది అని ఆ పత్రమే 10వ పేరాలో అంటుంది.

ఈ సువిశేషానికి 12వ వచనంతో ముగిసే పొట్టి రూపం కూడా ఉంది. మీరు పొడవైనదే చదవండి. వివాహం గురించి మాట్లాడిన వెంటనే యేసు చిన్నపిల్లలను ఎత్తుకుని దీవిస్తాడు. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు మీ తరగతిలో ఉంటే, వారికి ఆ నాలుగు వచనాలు అవసరం.

చురుకైన పిల్లవాడు మత్తయి 19:9 తెస్తాడు, సిద్ధంగా ఉండండి. అక్కడ 'వ్యభిచార కారణం వల్ల తప్ప' అనే మినహాయింపు ఉంది. దాన్ని దాచవద్దు. మార్కులో, లూకా 16:18లో, ఇది నా మాట కాదు ప్రభువు ఆజ్ఞ అని పౌలు రాసిన 1 కొరింతీ 7:10-11లో ఆ మినహాయింపు లేదు. మత్తయి వాడిన గ్రీకు మాట 'పోర్నేయా'. మామూలుగా దాంపత్య ద్రోహానికి వాడే మాట అది కాదు, అంతకంటే విశాలమైనది. మొదటి నుంచే చెల్లని, ధర్మవిరుద్ధమైన కలయికలను ఉద్దేశించి ఆ మాట వచ్చిందని చాలామంది కతోలిక వ్యాఖ్యాతలు చెబుతారు. నాకు అంతకంటే బలంగా తోచేది తరువాతి వచనం. యేసు మాట విని శిష్యులు, అలాగైతే పెళ్లి చేసుకోకపోవడమే మేలు అంటారు. ఆనాటి వారికి తెలిసిన ఒక మినహాయింపునే ఆయన తిరిగి చెప్పి ఉంటే, వారు అంతగా ఉలిక్కిపడేవారు కాదు.

ఒక మాట ఇక్కడే చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. ఈ బోధ పేరుతో దెబ్బలు తింటున్న భార్యను సర్దుకుపొమ్మని చెప్పేవారిని చూశాను. శ్రీసభ అలా చెప్పదు. విడిగా ఉండడం అనే పరిస్థితిని పౌలే 1 కొరింతీ 7:11లో ఊహించాడు. జీవిత భాగస్వామి వల్ల తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు విడిపోయి ఉండే హక్కును శ్రీసభ చట్టంలోని 1153వ నిబంధన స్పష్టంగా గుర్తిస్తుంది. విడిగా బ్రతకడం వేరు, బంధం చెల్లకుండా పోయిందనడం వేరు. ఈ తేడాను పిల్లలకు తప్పకుండా చెప్పండి, ముఖ్యంగా ఆడపిల్లలకు.

ఇక నూలు సంగతి. ఆ అబ్బాయి మంచి ప్రశ్నే వేశాడు, తొలి క్రైస్తవులను కుదిపేసిన ప్రశ్న అదే. 'బి' సంవత్సరం, సామాన్య 22వ ఆదివారం సువిశేషం మార్కు 7వ అధ్యాయం. ఆదివారం చదివే భాగంలో మధ్యలో కొన్ని వచనాలు వదిలేస్తారు. మీరు తరగతిలో 23వ వచనం వరకు మొత్తం చదివించండి, ఎందుకంటే వదిలేసిన వాటిలోనే 19వ వచనం ఉంది: ఇలా చెప్పి ఆయన అన్ని ఆహారపదార్థాలూ శుద్ధమైనవేనని ప్రకటించాడు అని మార్కు వివరిస్తాడు. ఆ వెంటనే మనిషిని లోపలి నుంచి మలినపరిచేవి ఏమిటో యేసు చెబుతాడు: జారత్వం, దొంగతనం, నరహత్య, వ్యభిచారం, దురాశ, మోసం ఇంకా మరికొన్ని. ఒకే సంభాషణలో శుద్ధి ఆచారం తొలగిపోయింది, నైతిక ధర్మం హృదయపు లోతు వరకు దిగి మరింత గట్టిపడింది. ఏరుకున్నది మనం కాదు, ఇది ప్రభువు గీసిన గీత. మోషే ధర్మశాస్త్రంలో నైతిక, ఆరాధనా, న్యాయపాలనా నియమాలు వేర్వేరని పదమూడవ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ వివరించినప్పుడు, ఆయన ఈ గీతనే పద్ధతిగా చూపించాడు. నూలు కలపవద్దన్నది ఇశ్రాయేలు ప్రజను ఇతర జనాల నుంచి వేరుగా నిలపడానికి ఇచ్చిన గుర్తు. అదే లేవీయకాండము 19లో, మరుసటి అధ్యాయం కూడా తిప్పనక్కర్లేదు, నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించు అని ఉంది. దాన్ని ఎందుకు వదలలేదో అతన్నే అడగండి.

అపోస్తలుల కార్యములు 15వ అధ్యాయం కూడా తీయవచ్చు. యెరూషలేము సమావేశం సున్నతిని తప్పనిసరి చేయలేదు, జారత్వాన్ని మాత్రం నిషేధించింది. అయితే రక్తం, గొంతు నులిమి చంపిన జంతువుల మాంసం కూడా వద్దని ఆ లేఖలో ఉంది కదా అని అతను అడగవచ్చు, అడగాలి కూడా. యూదులు, అన్యజనులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి అప్పట్లో పెట్టిన ఏర్పాటు అది, కారణం తీరిపోయాక ఆ నియమమూ తీరిపోయింది అని ఫ్లోరెన్సు మహాసభ 1442లో తేల్చి చెప్పింది. జారత్వం గురించి శ్రీసభ అలా ఎన్నడూ అనలేదు, అనజాలదు కూడా. 1 కొరింతీ 6లో పౌలు దానికి చెప్పే కారణం బల్ల మర్యాద కాదు, మీ శరీరం పవిత్రాత్మకు ఆలయం అన్నది. 'బి' సంవత్సరం సామాన్య 2వ ఆదివారం రెండవ పఠనం అదే.

గర్భస్థ శిశువు విషయంలో మనవారు తరచూ తొందరపడతారు. యిర్మీయా 1:5, 'గర్భంలో నిన్ను రూపొందించకముందే నిన్నెరిగితిని', ఒక్కటి చెప్పి వాదన ముగిసిందనుకుంటారు. ఆ వచనం ప్రవక్త పిలుపు గురించినది. సాక్ష్యంగా విలువైనదే, నిరూపణగా ఒంటరిగా నిలబడదు. 139వ కీర్తన కూడా అంతే. నేనైతే 'సి' సంవత్సరం, క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలపు 4వ ఆదివారం సువిశేషంతో, లూకా 1:39-45తో మొదలుపెడతాను. మరియమ్మ వందనం వినగానే ఎలిజబెతమ్మ గర్భంలో శిశువు గంతులు వేశాడు. అక్కడ లూకా వాడిన గ్రీకు మాట 'బ్రెఫోస్'. తరువాతి అధ్యాయంలో పశువుల తొట్టిలో పడుకున్న పసివాడైన యేసుకూ అదే మాట వాడాడు. గర్భంలో ఉన్నవాడికి ఒక పేరు, పుట్టినవాడికి మరో పేరు పెట్టలేదు. దీని పక్కన ఆదికాండము 4:9 పెట్టండి: 'నీ తమ్ముడెక్కడ?' రెండవ జాన్ పౌల్ పోపుగారు 1995లో రాసిన 'ఎవాంజేలియుం వీతె' విశ్వలేఖలో (శ్రీసభ అంతటికీ పోపుగారు రాసే లేఖలో) జీవితం మీద దాడుల గురించి చెప్పేటప్పుడు తమ్ముడు హేబెలును చంపిన కయీను కథనే ముందు చదువుతారు. నిర్దోషిని చంపరాదన్న ఆజ్ఞ, గర్భంలోనివాడు నాకు తమ్ముడే అన్న గుర్తింపు: ఈ రెండూ కలిసినప్పుడు బోధ నిలుస్తుంది. తొలి క్రైస్తవులు దీన్ని ఇలాగే అర్థం చేసుకున్నారనడానికి 'దిదాకే' అనే అతి పురాతన ఉపదేశ గ్రంథం రెండవ అధ్యాయం సాక్ష్యం, గర్భస్రావం చేయరాదని అందులో పేరుపెట్టి చెప్పారు. గర్భం పోతే జరిమానా మాత్రమే విధించిన నిర్గమకాండము 21:22ను ఎవరైనా ఎదురు తెస్తే, అది ఇద్దరు కొట్టుకుంటుండగా గర్భవతికి పొరపాటున దెబ్బ తగిలిన సందర్భమని చూపించండి. పొరపాటుకు విధించిన శిక్షను బట్టి, కోరి చేసే పనికి అనుమతి తీయలేము.

గర్భనిరోధం గురించి నేరుగా చెబుతాను: దాన్ని పేరుపెట్టి నిషేధించే వచనం బైబిలులో లేదు. అన్న భార్యకు సంతానం కలగకుండా వీర్యాన్ని నేల విడిచిన ఓనాను కథను (ఆదికాండము 38) పదకొండవ పయస్ పోపుగారు 1930లో ఉదహరించారు. 1968లో ఆరవ పౌలు పోపుగారు 'హుమానె వీతె' విశ్వలేఖ రాసినప్పుడు ఆ కథను ఎత్తుకోలేదు. దాంపత్య కార్యంలో ఐక్యత, జీవదానం అనే రెండు అర్థాలను దేవుడే జతపరిచాడు, మనిషి తన ఇష్టానికి వేరుచేయరాదు అన్నది ఆయన వాదన. 'జతపరచినదాన్ని వేరుచేయరాదు' అన్న మాట ఇందాక మార్కు 10లో విన్నాము కదా? ఆ ప్రతిధ్వని నాది, విశ్వలేఖలోని వాదన సృష్టి క్రమం మీద, సహజ ధర్మం మీద నిలుస్తుంది. లేఖనం ఒక్కదాని నుంచే శ్రీసభ సమస్త నిశ్చయతనూ పొందదు అని 'దేయి వెర్బుం' 9వ పేరా చెబుతుంది. ఈ మాట చెప్పడానికి భయపడకండి. లేని వచనాన్ని ఉన్నట్టు చూపిస్తే, ఉన్న వచనాలను కూడా పిల్లలు నమ్మరు. వివాహపు పూజకు ఇచ్చిన పఠనాలలో తోబీతు 8లోని ప్రార్థన ఉంది: కొత్త దంపతులు పడకకు ముందు లేచి నిలబడి, ఈమెను కామంతో కాదు సత్యసంధతతో స్వీకరిస్తున్నాను అని దేవునికి చెప్పుకుంటారు. ఆ ప్రార్థన ఒకసారి మెల్లగా చదివాక ఈ బోధ గురించి మాట్లాడి చూడండి, వినే చెవి వేరుగా ఉంటుంది.

మీ పాఠాల జాబితా కూడా పంపారు. అందులో వివాహం, శరీరం, జీవం ఉన్నాయి, కూలి లేదు. ఇది నన్ను బాధపెట్టింది. 'బి' సంవత్సరం సామాన్య 26వ ఆదివారం యాకోబు 5:1-6 చదువుతాము: మీ పొలాలు కోసినవారికి మీరు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోంది, ఆ కేక ప్రభువు చెవిన పడింది. పరలోకానికి మొరపెట్టే పాపాలను శ్రీసభ సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధ గ్రంథం) 1867వ పేరాలో లెక్కిస్తుంది. హేబెలు రక్తంతో పాటు కూలివానికి చేసిన అన్యాయం కూడా అందులో ఉంది. పదమూడవ లియో పోపుగారు 1891లో శ్రామికుల గురించి రాసిన విశ్వలేఖలో యాకోబు రాసిన ఈ మాటలనే ఎత్తి చూపారు. 'సి' సంవత్సరం 25, 26 ఆదివారాలలో ఆమోసు ప్రవక్త తక్కువ తూకం వేసేవారిని, దంతపు మంచాల మీద పడుకుని దేశపు పతనాన్ని పట్టించుకోనివారిని తిడతాడు. 26వ ఆదివారం దానికి జోడీ ధనవంతుడు, లాజరు ఉపమానం. మీ అబ్బాయి 'ఏరుకుంటున్నారు' అన్నది ఇక్కడ మాత్రం నిజం. లేఖనం కాదు, మనం ఏరుకుంటున్నాము. ఈ పాఠం చేర్చండి, అదీ ముందుగా. డబ్బు గురించి శ్రీసభ మనల్నీ గద్దిస్తుందని చూసినవారు, శరీరం గురించి అది చెప్పేది కూడా ఓపికగా వింటారు.

చివరగా వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 8:1-11, 'సి' సంవత్సరం తపస్సు కాలపు 5వ ఆదివారం. దీన్ని అందరూ సగం చేస్తారు. కొందరు 'నేనూ నీకు శిక్ష విధించను' దగ్గర ఆపుతారు, కొందరు 'ఇకపై పాపం చేయకు' అన్నదే చదువుతారు. నేను రెండవ రకం వాణ్ణి. చాలా ఏళ్ల క్రితం పెద్దల తరగతిలో ఐదవ ఆజ్ఞ ('చంపరాదు') చెబుతూ గర్భస్రావం గురించి కఠినంగా మాట్లాడాను. చెప్పిన ప్రతి మాటా బోధకు లోబడినదే. వెనుక వరుసలోని ఒక స్త్రీ లేచి మౌనంగా బయటికి వెళ్లింది, మళ్లీ రాలేదు. ఆమె ఎందుకు వెళ్లిందో నాకు తరువాత తెలిసింది. 'ఎవాంజేలియుం వీతె' 99వ పేరాలో గర్భస్రావం చేయించుకున్న స్త్రీలతోనే పోపుగారు నేరుగా మాట్లాడతారు: నిరాశపడవద్దు, పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) మీకు క్షమను, శాంతిని ఇవ్వడానికి తండ్రి సిద్ధంగా ఉన్నాడు అంటారు. ఆ పేరా అప్పటికే ఎన్నోసార్లు చదివినవాణ్ణి, ఆ రోజు ఆమెకు చదివి వినిపించలేకపోయాను. అప్పటి నుంచి ఆ పాఠం చెప్పే ప్రతిసారీ ముందు ఆ పేరాతోనే మొదలుపెడుతున్నాను. స్వలింగ ఆకర్షణ గల యువకుడో యువతో మీ ముందు కూర్చుని ఉండవచ్చు, మీకు చెప్పి ఉండకపోవచ్చు. స్వలింగ క్రియలను తప్పుపట్టే సత్యోపదేశం 2357వ పేరా చదివితే 2358 కూడా అదే గొంతుతో చదవండి: వారిని గౌరవంతో, దయతో, సున్నితంగా స్వీకరించాలి, అన్యాయమైన వివక్ష ఏదీ చూపరాదు.

వచ్చే తరగతికి నా సలహా ఇది. ముందుగా ఆ అబ్బాయికి అందరి ముందు కృతజ్ఞత చెప్పండి, లేవీయకాండము అంత శ్రద్ధగా చదివినవారు పెద్దలలోనూ తక్కువ. తరువాత మార్కు 7 అతని చేతే చదివించండి. ఆ పై వారం మార్కు 10, మొదట వివాహం, తరువాత పిల్లలు, ఆ వెంట 17వ వచనం నుంచి ధనిక యువకుడు. పూజలో కూడా అవి 27, 28 ఆదివారాలలో వెంటవెంటనే వస్తాయి. నిత్యజీవం పొందడానికి ఏం చేయాలి అని అతను అడుగుతాడు, యేసు ఆజ్ఞలు చెబుతాడు. పై మెట్టు చెప్పేముందు, యేసు అతనివైపు చూసి ప్రేమించాడు అని మార్కు రాశాడు. అతను ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు అడిగినదాన్ని తగ్గించలేదు, వెళ్లేవాణ్ణి నిందించనూ లేదు. మీ అబ్బాయి కూడా ఒప్పుకోకుండానే వెళ్లవచ్చు. ఆ తరువాతి వారం కూడా అతని కుర్చీ అక్కడే వేసి ఉంచండి.